నానమ్మ గడిలో సున్నా

స్టోర్ల కల్నల్ ఆ ఫారం అందించిన తీరు చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండింది. పెళ్ళి శుభలేఖ ఇస్తున్నవాడిలా రెండు చేతులతో, ముఖం నిండా నవ్వుతో ఇచ్చాడు. చూడకుండానే తెలుసు అందులో ఏముందో. అయినా చూసింది. కొత్త కంప్యూటర్ భాష గడిలో నూటికి నూరు. పాత భాష గడిలో సున్నా. ఆ సున్నా అయినా ఊరికే గీశాడా మహానుభావుడు! గుండ్రంగా, శ్రద్ధగా, రెండుసార్లు దిద్ది మరీ పెట్టాడు.

"పాతది అసలే లేదంటారా కల్నల్‌గారూ?"

"ఒక్క లైనుంటే ఒట్టు. మీ దగ్గర లెక్కపెట్టే ప్రోగ్రాం ఉందిగా, పెట్టి చూసుకోండి. మా మెషీన్లో నడిచేదంతా కొత్త భాషే."

పెట్టి చూసింది. ఆయన చెప్పింది నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది. అబద్ధం చెప్పేవాణ్ణి పట్టుకోవచ్చు గానీ, నిజం చెప్పి మోసం చేసేవాణ్ణి ఏం చేస్తాం? ఆయన వెనకాల టెక్నీషియన్ ఒకడు గోడకి ఆనుకుని, ఫ్యాను వైపు అదేపనిగా చూస్తున్నాడు. ఆ ఫ్యాను తిరగడం లేదు. ఆమె కళ్ళల్లో పడకుండా ఉండటానికి అతనికి ఇంకేమీ దొరకలేదు పాపం.

ఆమెకి ఇంట్లో చిటపట అని పేరు. పెట్టింది భర్త. పెళ్ళయిన కొత్తలో ముద్దుగా మొదలుపెట్టాడు, తర్వాత అలవాటైపోయింది, ఇప్పుడు అత్తగారు కూడా ఫోన్ చేసి "చిటపట ఉందా?" అనే అడుగుతుంది. ఆఫీసులో మాత్రం సర్వే మేడమ్. జీతాల లెక్కలు, బూట్ల పంపకం, హెలికాప్టర్ల విడిభాగాలు, రాడార్ల మరమ్మతు, ఇలా సైన్యంలో కంప్యూటర్ల మీద నడిచే ప్రతి పనికీ ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఆ ప్రోగ్రాం ఏ కంప్యూటర్ భాషలో రాశారో యూనిట్ యూనిట్‌కీ వెళ్ళి కనుక్కుని, అంతా కలిపి కమిటీ ముందు పెట్టాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. ఒప్పుకున్నప్పుడు ఆమె కూడా అలాగే అనుకుంది.

పాత భాషకి కాగితాల మీద బారెడు పేరుంది. దాన్ని ఎవరూ పలకరు. అందరూ నానమ్మ అంటారు. సైన్యంలో సగం ప్రోగ్రాములు ఒకప్పుడు నానమ్మలోనే రాశారు. ఆ తర్వాత పైనుంచి ఆర్డరొచ్చింది, ఇకమీదట అంతా ఒకే భాషలో, ఆమోదించిన కొత్త భాషలో ఉండాలని. దానికి కొత్త కోడలని పేరొచ్చింది. అన్నీ మళ్ళీ మొదటినుంచి రాయాలంటే ఎవరివల్ల అవుతుంది? అందుకని ఎవరో ఒక తర్జుమా ప్రోగ్రాం తయారుచేసి ఇచ్చారు. ఇటునుంచి నానమ్మను వేస్తే అటునుంచి కొత్త కోడలు వస్తుంది. దాన్ని అందరూ మిక్సీ అనేవారు, న్యాయంగానే. మిక్సీలో వేసిన టమాటాను మళ్ళీ టమాటాగా గుర్తుపట్టలేనట్టు, అందులోంచి వచ్చిన ప్రోగ్రాంను రాసినవాడు కూడా చదవలేడు. మెషీన్ మాత్రం చదువుతుంది. మెషీన్‌కి అది చాలు.

అయితే ప్రోగ్రాం అన్నాక తప్పులొస్తాయి, మార్పులొస్తాయి. అప్పుడేం చేస్తారు? ఆ గుజ్జులో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? 'పాతసామాను' అని పేరు పెట్టి ఒక మూల దాచుకున్న నానమ్మను బయటికి తీస్తారు, అందులో సరిచేస్తారు, మళ్ళీ మిక్సీలో వేస్తారు, వచ్చింది మెషీన్లో పెడతారు. ప్రతి యూనిట్లోనూ ఇదే తంతు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. 'మీ మెషీన్లో నడిచే ప్రోగ్రాం ఏ భాషలో ఉంది?' అని ఫారంలో అడిగితే, 'కొత్త కోడలు' అని గుండె మీద చెయ్యేసుకుని రాస్తారు. పైగా మార్పిడి పూర్తిచేసినందుకు ప్రతి యూనిట్‌కీ అప్పట్లో ప్రశంసాపత్రం ఇచ్చారు. కల్నల్ కుర్చీ వెనక గోడ మీద కూడా ఒకటి, అద్దం కట్టించి ఉంది.

ఎవరేం రాస్తే నాకేం అనుకోవచ్చు చిటపట. అనుకునేదేమో కూడా, చెల్లెలు లేకపోతే. సైన్యం శిక్షణ స్కూల్లో నానమ్మ నేర్పే క్లాసు ఒక్కటే ఉంది, దాన్ని చెప్పేది ఆమె చెల్లెలు. సర్వేలో నానమ్మ ఎక్కడా లేదని తేలితే వచ్చే టర్మునుంచి ఆ క్లాసు ఎత్తేస్తారు. చెల్లెల్ని యూనిఫాం కొలతల విభాగానికి పంపిస్తారు. ఆర్డరు తయారుగా ఉంది, సంతకమే తరువాయి. తన చేత్తో పోగుచేసిన సున్నాలతో తన చెల్లెలి క్లాసు మూయించడానికి తనే ఊరంతా తిరుగుతోంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ మధ్యాహ్నమే కమిటీ ఛైర్మన్ గదికి వెళ్ళింది. ఆయన రిటైరైన పెద్ద ఆఫీసరు, మర్యాదస్తుడు, ఎవరు ఏం చెప్పినా కళ్ళజోడు తుడుచుకుంటూ వింటాడు.

"ఫారంలో ఒక్క ప్రశ్న కలపండి సార్. 'తప్పొస్తే ఏ భాషలో సరిచేస్తారు?' ఒక్కటంటే ఒక్కటే లైను."

"మంచి ప్రశ్న," అన్నాడు ఛైర్మన్. "చాలా మంచి ప్రశ్న. ముందే అడగాల్సింది."

"ముందే అడిగాను సార్. తర్వాత చూద్దామన్నారు మీరు."

"అన్నానా? అయితే తర్వాత చూడాల్సింది." ఆయన జోడు పెట్టుకుని మళ్ళీ తీశాడు. "ఇప్పుడేమైందంటే అమ్మా, ఈ ఫారం మూడు కమిటీలు చూసి ఆమోదించాయి. ఒక్క అక్షరం కలపాలన్నా మళ్ళీ మూడూ చూడాలి. అందులో ఒక కమిటీని పని పూర్తయిందని రద్దు చేశాం."

"మరి నేనే ఒక నోట్ రాస్తాను. ప్రతి యూనిట్లోనూ నానమ్మ ఉంది సార్. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

 ఛైర్మన్ మళ్ళీ జోడు పెట్టుకుని ఆమెను చూశాడు, కోపంగా కాదు.

"ఆ క్లాసు చెప్పేది మీ చెల్లెలే కదూ? మీరు నోట్ రాస్తే నలుగురూ ఏమంటారో ఆలోచించండి. అక్క చెల్లెల్ని వెనకేసుకొచ్చింది అంటారు. ఒక పని చెయ్యండి. యూనిట్ ఆఫీసరు తప్పు రాశానని తన నోటితో మీకు చెబితే ఆ గడి మీరు దిద్దొచ్చు, రూల్లో ఉంది. ఎదురుగా చెప్పినా సరే, ఫోన్లో చెప్పినా సరే. కానీ ఆఫీసరే చెప్పాలి. సోమవారం కమిటీ కూర్చునేలోపు ఒక్క యూనిట్ ఒప్పుకున్నా చాలు. ఒక్కచోట వాడుకలో ఉన్నా ఆ భాష క్లాసు ఎత్తేయడానికి లేదు."

ప్రశంసాపత్రాన్ని గోడ మీంచి దింపుకునే ఆఫీసరు ఎక్కడ దొరుకుతాడు? ఆ మాట ఆయన్నే అడుగుదామనుకుంది. ఆయన అప్పటికే ఇంకో ఫైలు తెరిచాడు.

చెల్లెలు కింది అంతస్తులోనే ఉంటుంది. తిండికి మాత్రం అక్క ఇంటికొస్తుంది, ఎందుకంటే తన వంటింట్లో స్టవ్ మీద ఎప్పుడూ విద్యార్థులు రాసిన పేపర్ల కట్టలుంటాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర చిటపట జరిగిందంతా చెబుతూనే ఉంది, అన్నం మీద కసి తీర్చుకుంటూనే ఉంది. భర్తకి కళ్ళజోళ్ళ షాపుంది. పొద్దంతా మనుషుల ముఖాలు దగ్గర్నుంచి చూసే వృత్తి కావడంవల్లో ఏమో, ఎవరికి ఎంత కోపమొచ్చినా ఆయనకి నవ్వే వస్తుంది.

"అంటే ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ నానమ్మ ఉంది," అన్నాడు. "చుట్టాలొస్తే మాత్రం వెనక గదిలో పెట్టి తలుపేస్తారు. అంతేనా?"

"అంతే బావా," అంది చెల్లెలు.

"నువ్వు నవ్వకు," అంది చిటపట చెల్లెలితో. "నీ క్లాసు పోతోంది, నీకు చీమ కుట్టినట్టయినా లేదు."

చెల్లెలు ఏదో అనబోయేలోపు బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. చెల్లెలి ఫోన్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఎడంచేత్తో ఎత్తింది.

"చెప్పండి... ఎవరికీ, మీ ఫ్రెండుకా? ఏమొచ్చిందట మీ ఫ్రెండు మెషీన్లో?"

ఇది నానమ్మతో పనిపడే టెక్నీషియన్ల మధ్య ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఫోన్ చేసినవాడు తన యూనిట్ పేరు చెప్పడు. చెబితే తమ దగ్గర నానమ్మ ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. అందుకని ప్రతివాడూ ఒక ఫ్రెండు తరఫున అడుగుతాడు. ఫ్రెండు మెషీన్లో చిన్న తేడా వచ్చింది, ఫ్రెండుకి ఒక డౌటొచ్చింది. చెల్లెలు కూడా ఆ ఫ్రెండు ఎవరని అడగదు, ఓపిగ్గా చెబుతుంది. అలా బూట్లవాళ్ళు, జీతాలవాళ్ళు, రాడార్లవాళ్ళు, పొద్దున సున్నా రాసిచ్చిన ప్రతి యూనిట్ నుంచీ ఎవరో ఒకరు సాయంత్రానికి ఆ బల్ల మీద మోగేవారు. చిటపటకి గొంతులతో సహా తెలుసు. ఆ గొంతుల్ని సర్వేలో ఎక్కించే గడి లేదు. తల ప్రాణం తోకకొచ్చేది.

చెల్లెలు ఫోన్ పెట్టేదాకా ఆగి చిటపట అంది. "నువ్వు ఎత్తడం మానెయ్యవే. నాలుగు రోజులు ఎత్తకు. వాళ్ళే దారికొస్తారు."

"అవతలివాడు వానలో, ఆగిపోయిన లారీ దగ్గర నిలబడి ఉంటాడక్కా. వాడేం చేశాడు? సున్నా రాసింది వాడు కాదుగా."

ఆ మాట నిజమే. ఎదుటివాళ్ళు నిజం చెప్పినప్పుడు చిటపటకి కోపం ఇంకా ఎక్కువొస్తుంది.

రాత్రి పడుకుని ఒక ఉపాయం ఆలోచించింది. పొద్దున్నే తయారై, తిన్నగా స్టోర్ల కల్నల్ దగ్గరికే వెళ్ళింది. విడిభాగాల రిపోర్టు ఒకటి ప్రింటు తీయించింది. దాని నెత్తిన శాఖ పాత పేరే ఉంది. ఆ శాఖ పేరు మారి చాలాకాలమైంది.

"ఈ హెడ్డింగు మార్పించండి కల్నల్‌గారూ. కొత్త పేరు పెట్టించండి. నా ఎదురుగా, మీ కొత్త భాషలోనే."

"ఓస్, ఇంతేనా?" అన్నాడు కల్నల్, టెక్నీషియన్ వైపు తిరిగి. "మార్చవయ్యా."

టెక్నీషియన్ కుర్చీలో కూర్చున్నాడు. ప్రోగ్రాం తెరిచాడు. తెర నిండా గుజ్జు. కిందికి జరిపాడు, పైకి జరిపాడు, మళ్ళీ కిందికి జరిపాడు. ఆ హెడ్డింగు మిక్సీలో పడి ఏ ముక్కలో కలిసిపోయిందో దేవుడికే తెలియాలి. అతని మెడ వెనక చెమట పట్టింది. చిటపటకి లోపల్లోపల సంతోషం పొంగుకొస్తోంది. ఇంకాసేపట్లో అతను 'పాతసామాను' తెరవక తప్పదు, కల్నల్ నోరు విప్పక తప్పదు.

"టీ తాగుతారా మేడమ్?" అన్నాడు కల్నల్.

"వద్దండి."

"కాఫీ?"

"హెడ్డింగు."

 కల్నల్ గడియారం చూశాడు. తర్వాత సైన్యంలో ఎవరూ కాదనలేని మాట అన్నాడు. "సెక్యూరిటీ. బయటివాళ్ళ ఎదురుగా నడుస్తున్న ప్రోగ్రాం మార్చకూడదు. రూలు. రేపు రండి, మార్చి ఉంచుతాం."

మర్నాడు వెళ్ళింది. రాత్రికి రాత్రి ఈ గుజ్జులో ఎవడు మారుస్తాడులే అని ధీమాగానే వెళ్ళింది. కల్నల్ రిపోర్టు అందించాడు, మళ్ళీ రెండు చేతులతో. శాఖ కొత్త పేరు సరిగ్గా మధ్యలో, కింద గీతతో సహా, ముచ్చటగా ఉంది. పాతదాని కంటే అక్షరాల ఎడం కూడా కుదిరింది. టెక్నీషియన్ ఇవాళ ఫ్యాను వైపు చూడటం లేదు. ఆమె వైపే చూస్తున్నాడు, కృతజ్ఞత లాంటిదేదో ముఖంలో పెట్టుకుని. ఎందుకో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా అర్థమైంది. చెప్పు చేతిలో పట్టుకునే హాల్లోకి నడిచింది.

"నిన్న రాత్రి నీకెవరైనా ఫోన్ చేశారా? హెడ్డింగు మార్చాలని?"

చెల్లెలు పేపర్లు దిద్దుతోంది. తలెత్తకుండానే అంది. "ఆఁ, ఎవరో ఫ్రెండు. శాఖ పేరు మారిందట, కొత్తది కాస్త పొడుగు. నానమ్మలో ప్రతి గడికీ ఇంత చోటని ముందే గీసి ఉంటుంది కదా, అందులో పట్టకపోతే పక్క గడిలోకి పొంగిపోతుంది. సరిగ్గా పట్టేట్టు ఎలా సర్దాలో చెప్పాను. పాపం కుర్రాడు ఒకటే కంగారు. ఎందుకక్కా?"

చిటపట కుర్చీలో కూలబడింది. చెప్పు ఇంకా చేతిలోనే ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భర్త ముందు ఆపుకోవడానికి ప్రయత్నించాడు, తర్వాత తలుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకి మిగిలిన కాస్త ఓపికా పోయింది.

"నవ్వండి, బాగా నవ్వండి. నేను ఎండనపడి ఊరంతా తిరిగి, ఎలాగో ఒకణ్ణి మూలకి నెట్టుకొస్తే, ఇది ఇంట్లో కూర్చుని వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాగింది!" చెల్లెలి వైపు తిరిగింది. "నీ క్లాసు ఎత్తేసేది ఛైర్మనూ కాదు, ఆ కల్నలూ కాదు. నువ్వే. నువ్వు పలుకుతున్నావు కాబట్టే వాళ్ళకి సున్నా రాసే ధైర్యం. నీ మంచితనం మీద కూర్చుని రాస్తున్నారే ఆ సున్నాలు. రేపు నిన్ను కొలతల విభాగంలో పడేశాక కూడా ఫోన్ చేస్తారు. నువ్వు టేపు మెడలో వేసుకుని అప్పుడు కూడా చెబుతావు!"

చెల్లెలు కలం కింద పెట్టింది. ఆమెకి కోపం రావడం అరుదు. వచ్చింది కూడా కోపం కాదు.

"నాకు బాధ లేదనుకుంటున్నావా? ఈ టర్ములో క్లాసులో వెనక బెంచీలు ఖాళీ. పై వాళ్ళు పిల్లల్ని పంపడం మానేశారు. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరగాలంటేనే నాకు భయంగా ఉంటుంది. ఫోన్ మోగితేనే కాస్త ప్రాణం లేచొస్తుంది. నేను నేర్చుకున్నది ఇంకా ఎవడికో పనికొస్తోంది అనిపిస్తుంది. అదొక్కటీ మానెయ్యమంటే ఎలాగక్కా?"

పేపర్లు సర్దుకుని కిందికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండేదనిపించింది చిటపటకి. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. మర్నాడు చెల్లెలు భోజనానికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. భర్త గిన్నెలో కూర పట్టుకెళ్ళి ఇచ్చి వస్తూ, "పలికింది, నవ్వలేదు," అని మాత్రం చెప్పాడు. చిటపట మిగిలిన యూనిట్లు తిరిగింది. ఒక్కో ఆఫీసర్నీ బతిమాలింది, నెత్తీ నోరూ కొట్టుకుంది. అందరూ మర్యాదగా విన్నారు. ఒకాయన నీళ్ళు నమిలాడు, ఇంకొకాయన గోడ మీది ప్రశంసాపత్రం చూపించాడు. ఆదివారానికి ఆమె సంచి నిండా సున్నాలే.

ఆదివారం సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే తలుపు తోసుకుని చెల్లెలొచ్చింది. చేతిలో ఫోన్ మోగుతోంది.

"మోగుతూనే ఉంది," అంది. "ఎత్తనా వద్దా అని ఇందాకట్నుంచి చూస్తున్నాను. నీ ఎదురుగానే తేల్చుకుందామని వచ్చాను."

బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"మేడమ్, మీరేనా? అమ్మయ్య!" గొంతు వినగానే చిటపట గుర్తుపట్టింది. ఫ్యాను చూసే టెక్నీషియన్. "మా ఫ్రెండు మెషీన్లో మేడమ్... విడిభాగాలు ఇచ్చే ప్రోగ్రాం ఆగిపోయింది. ఏ భాగం అడిగినా అలాంటి నంబరు లేదంటోంది. వరదలప్పుడు జనాన్ని తెచ్చే హెలికాప్టరు ఒకటి షెడ్డులో ఉంది, దానికి కావాల్సిన భాగం ఎదురుగా అలమరాలోనే ఉంది. మెషీన్ ఒప్పుకుంటే గానీ అలమరా తాళం తెరుచుకోదు."

"అంతా బాగానే ఉందిగా మొన్నటిదాకా. ఏం మార్చారు?"

అవతల టెక్నీషియన్ గొంతు తగ్గించాడు.

"హెడ్డింగు మా సార్‌కి, అంటే మా ఫ్రెండు వాళ్ళ సార్‌కి, చాలా నచ్చింది మేడమ్. దాని కింద ఆయన పేరు కూడా పెట్టమన్నారు. హోదాతో, పతకాలతో సహా. ఇంత చిన్నదానికి మిమ్మల్ని ఎందుకు కష్టపెట్టడమని నేనే పెట్టేశాను."

చిటపట మడత పెడుతున్న చొక్కా నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లెలికి కూడా పెదవి వణికింది గానీ ఆపుకుంది.

"పతకాలు పొంగి విడిభాగం నంబరు గడిలో పడ్డాయి," అంది నెమ్మదిగా. "సరే. ఒక్కమాట నిజం చెప్పండి. ఇప్పటికిప్పుడు ఆ హెలికాప్టరు కోసం ఎవరైనా ఆపదలో ఉన్నారా?"

"లేరు మేడమ్. హెలికాప్టరు పొద్దున్న ఎగరాలి. రాత్రికి బిగించాలి."

"అయితే మీ సార్‌ని పిలవండి."

"సార్‌నా?"

"ఫ్రెండు వాళ్ళ సార్‌ని."

చిటపట చొక్కా పక్కన పడేసి బల్ల దగ్గరికి జరిగింది. ఇన్నాళ్ళూ ఎత్తకు, చెప్పకు అని పోరింది తనే. తీరా ఆ సమయం వచ్చేసరికి షెడ్డులో ఉన్న హెలికాప్టరే కళ్ళ ముందు కనిపిస్తోంది. "చెప్పెయ్యవే పాపం," అని గొణిగింది. "రేపు ఏ వానో వస్తే?"

చెల్లెలు ఆమె వైపు చూసి, పిల్లల్ని ఊరుకోబెట్టినట్టు వేలెత్తింది. క్లాసులో వెనక బెంచీల వైపు ఎత్తే వేలు కాబోలు అది. చిటపట కుక్కిన పేనులా ఊరుకుంది. పక్క గదిలోంచి భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొదటిసారి ఆయన నవ్వడం లేదు.

"హలో," అంది ఫోన్లో ఇంకో గొంతు. కల్నల్‌ది. "అమ్మా, నమస్కారం. మావాడు ఏదో అంటున్నాడు. కాస్త చెప్పేస్తే..."

"నమస్కారమండీ. తప్పకుండా చెబుతాను. మీ ప్రోగ్రాం ఏ భాషలో ఉంది సార్?"

"కొత్త భాషలో," అన్నాడు కల్నల్. అలవాటైన మాట, తడుముకోకుండా వచ్చింది.

"అయ్యో. అది నాకు రాదండీ."

అవతల ఎవరో దగ్గారు.

"అదేంటమ్మా, మీరు రోజూ మావాడికి చెబుతూనే ఉంటారటగా?"

"నేను రోజూ చెప్పేది ఫ్రెండుకండీ. ఫ్రెండు మెషీన్లో నానమ్మ ఉంది. మీ మెషీన్లో ఒక్క లైను కూడా లేదని మీరే సర్వేలో రాసిచ్చారట. రాని భాషలో చెయ్యి పెడితే పాపం మీ పతకాలు ఇంకెక్కడికి పోతాయో."

 దూరంగా షెడ్డులో ఎవరో రెంచి కింద పడేసిన చప్పుడు వినిపించింది. కల్నల్ ఊపిరి వినిపించింది. ఆయన ఇప్పుడు గోడ మీది అద్దం కట్టిన ఆ కాగితం వైపే చూస్తూ ఉంటాడని చిటపటకి తెలుసు. సంచిలోంచి ఫారం తీసింది. గుండ్రంగా, రెండుసార్లు దిద్దిన ఆ సున్నా పక్కన పెన్ను ఆనించింది. 

చివరికి కల్నల్ ఏదో అన్నాడు, గొంతులోనే, మీసాల కిందే ఆగిపోయేట్టు.

చెల్లెలు ఫోన్‌ని అక్క వైపు జరిపింది.

"కాస్త గట్టిగా చెప్పండి సార్. మా అక్క రాసుకుంటోంది."